విశాఖ ఉక్కపోతలో కుందేళ్ల గూడు: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి

కుందేళ్ల గూడు కోసం ఆన్‌లైన్‌లో వెతికితే కనిపించే బొమ్మలు దాదాపు అన్నీ ఒకే పోలికలో ఉంటాయి. రెండంతస్తుల చెక్క పెట్టె. పైన నాలుగువైపులా మూసేసిన గది, దానికి ఓ బుల్లి ద్వారం. కిందికి దిగడానికి ఏటవాలు పలక. కింద జాలీ కట్టిన వసారా. నెత్తిన నల్లటి తారు షీటు. పిల్లలు ఫోన్‌లో చూసి ఇదే కావాలని పట్టుబడతారు. ఈ పెట్టె ఇంగ్లండు లాంటి చలిదేశాల పెరళ్లలో రూపుదిద్దుకుంది. పైనున్న మూసిన గది, శీతాకాలపు రాత్రుల్లో కుందేలు ఒంటివేడి బయటికి పోకుండా ఆపడానికి. తారు షీటు, మంచుకీ రోజుల తరబడి పడే సన్నవానకీ. సందు లేకుండా బిగించిన పలకలు, చలిగాలికి. అక్కడ ప్రతిదానికీ అర్థముంది. అదే పెట్టెని ఏప్రిల్‌లో ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో పెరట్లో పెట్టామా, ఆ మంచి గుణాలన్నీ ఎదురు తిరుగుతాయి. గది వేడిని దాచుకుంటుంది, కప్పు ఎండని పీల్చుకుంటుంది, గోడలు గాలిని ఆపేస్తాయి.

అలాగని బయట గూడే వద్దనడం లేదు. పెరడూ చెట్టునీడా ఉన్న ఇంట్లో కుందేళ్లు బయట హాయిగా బతకగలవు. కాకపోతే ఎంచుకునే వరస మారాలి. చాలామంది ముందు గూడు కొని, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా చూస్తారు. ఈ ఊళ్లో ముందు చోటు చూసుకుని, ఆ చోటుకి తగ్గట్టు గూడు చేయించుకోవాలి. ఎందుకో తెలియాలంటే కుందేలు ఒంట్లోని వేడి ఎలా బయటికి పోతుందో కొంచెం తెలియాలి.

కుందేలుకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. కుక్కలా రొప్పి చల్లబడే వీలూ దానికి తక్కువే, ఎందుకంటే అది ముక్కుతోనే ఊపిరి తీసుకునే జంతువు. నోరు తెరిచి రొప్పుతోందంటే అప్పటికే ప్రాణం మీదికి వచ్చిందని లెక్క. దానికున్న పెద్ద ఆధారం చెవులు. పలచటి చర్మం కింద రక్తనాళాలు పరుచుకుని ఉంటాయి. రక్తం అక్కడ తిరిగేటప్పుడు వేడి గాలిలోకి పోతుంది. అయితే గాలి కుందేలు ఒంటికన్నా చల్లగా ఉంటేనే ఇది సాగుతుంది. కుందేలు మామూలు ఒంటివేడి సుమారు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. దానికి సుఖంగా ఉండేది బయట 15 నుంచి 20 డిగ్రీల ప్రాంతంలో. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 35 దగ్గరికి వచ్చేసరికి గాలికీ ఒంటికీ తేడా నాలుగైదు డిగ్రీలకు మించదు, చెవులు ఉన్నా పెద్దగా లాభం ఉండదు. ఇక మిగిలింది ఊపిరితోపాటు ఆవిరయ్యే తేమ ఒక్కటే. గాలే తేమతో నిండి ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది.

విశాఖ వేసవి దెబ్బతీసేది ఇక్కడే. విజయవాడలో 43, రామగుండంలో 44 అని వార్తల్లో విని, మనకి 35 డిగ్రీలే కదా, సముద్రం పక్కన ఉన్నాం కదా అనుకుంటాం. థర్మామీటర్ చెప్పేది సగం సంగతే. ఆరేసిన బట్ట సాయంత్రానికి కూడా ఆరని ఉక్క ఇది. మనకే ఫ్యాను కింద చొక్కా తడుస్తుంటే, చెమటైనా పట్టని జంతువు ఒళ్లంతా బొచ్చుతో ఒక చెక్కగదిలో కూర్చుని ఏం చేయగలదు?

ఇదే కారణంతో పొడి ఎండల ఊళ్లలో పనికొచ్చే చిట్కా ఇక్కడ అంతగా పనిచేయదు. గూటి చుట్టూ తడి గోనెపట్టా కట్టడం అనంతపురంలో మంచి ఉపాయమే, అక్కడి పొడిగాలికి నీరు చకచకా ఆవిరై చల్లదనం ఇస్తుంది. విశాఖలో గోనె తడిగానే వేలాడుతుంది, పైగా గాలికి అడ్డం పడుతుంది. ఇక్కడ ఉపయోగపడేవి వేరు. నీళ్లు గడ్డకట్టించిన ప్లాస్టిక్ సీసాకి గుడ్డ చుట్టి గూట్లో పెడితే కుందేలు దాన్ని ఆనుకుని పడుకుంటుంది. నీడలో ఉంచిన కడపబండ ముక్క మధ్యాహ్నం కూడా చల్లగానే ఉంటుంది, పొట్ట దానికి ఆనించి కాళ్లు బారచాపుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, గాలి కదలాలి.

చోటు

తూర్పు వైపు మంచిదా, ఉత్తరం వైపా అంటే, చాలామంది ఉత్తరపు గోడ నీడలో పెట్టమంటారు. చలికాలంలో అది నిజమే, గోడ పక్కన రోజంతా నీడ ఉంటుంది. కానీ విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు జూన్‌లో 23.5 డిగ్రీల దాకా ఉత్తరానికి వెళ్తాడు. అంటే మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరం వైపునే ఉంటాడు. పొద్దున ఈశాన్యం నుంచీ సాయంత్రం వాయవ్యం నుంచీ ఉత్తరపు గోడ మీదే ఎండ పడుతుంది. డిసెంబరులో చూసి పెట్టిన గూడు మే నెలలో ఎండలో తేలడానికి కారణం ఇదే. చోటు చూడాల్సింది మేలో. ఇప్పుడే తేల్చుకోవాలంటే గోడ నీడని నమ్ముకోకుండా చెట్టు నీడని నమ్ముకోండి. వేప, మామిడి, కానుగ లాంటి గుబురు చెట్టు కింద ఏ దిక్కు ఎండైనా ఆగుతుంది, గాలీ ఆడుతుంది.

పడమటి గోడ పక్కన మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. సాయంత్రం దాకా ఎండ తాగిన కాంక్రీటు గోడ రాత్రి తొమ్మిది, పది దాకా ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది.

మేడ మీద పెడదామనే ఆలోచన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. పైన జాగా ఖాళీగా ఉంటుంది, ఎవరికీ అడ్డం ఉండదు. నా మాట మాత్రం ఒకటే, మేడ మీద వద్దు. రేకుల షెడ్డు కింద పెట్టినా వద్దు. పగలంతా కాలిన శ్లాబు కింద నుంచీ రేకు పై నుంచీ వేడి చిమ్ముతుంటాయి. ఇంకో ఇబ్బంది, అక్కడికి రోజుకి ఒకటి రెండుసార్లకి మించి ఎవరూ ఎక్కరు. కుందేలు జబ్బుపడితే అరవదు, మూలకి చేరి కదలకుండా కూర్చుంటుంది. తిండి మానేసి పన్నెండు గంటలు గడిస్తే దాని పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. కళ్ల ముందు లేని కుందేలు విషయంలో ఆ పన్నెండు గంటలు ఎప్పుడు గడిచాయో కూడా తెలియదు. వంటింటి కిటికీలోంచి కనిపించే చోటే గూటికి మంచి చోటు.

అపార్ట్‌మెంట్ వాళ్లకి నా సలహా, అసలు బయటి గూడు కొనకండి. ఒక గదిలో మూల కేటాయించి, మడతపెట్టే ఇనుప కంచె నిలబెట్టి, అక్కడే ఉంచండి. కుందేలు చురుగ్గా ఉండేది తెల్లవారుజామునా పొద్దువాలాకా. ఆ రెండు వేళల్లో ఈ ఊళ్లో గాలి కూడా కాస్త బాగుంటుంది. అప్పుడు జాలీ కట్టిన బాల్కనీలోకి వదిలితే దాని సరదా తీరుతుంది.

పెట్టె సంగతి

చోటు కుదిరాక గూడు. కప్పుతో మొదలుపెడదాం, ఎందుకంటే చంపేది అదే. ఒక్క పొర రేకు, సిమెంటు రేకైనా జింకు రేకైనా, ఎండలో కాలి కింది గాలిని కాలుస్తుంది. రెండు పొరల కప్పు వేయించండి. కింద చెక్క పలక, దానిపైన నాలుగైదు అంగుళాల ఖాళీ, ఆ పైన రేకు. మధ్య సందులోంచి గాలి సాగిపోతే పై రేకు వేడి కిందికి దిగదు. రేకు మీద తెల్ల సున్నం కొడితే ఇంకా మేలు, వానలకి పోయినప్పుడు మళ్లీ కొట్టుకోవాలి. తాటాకు దొరికే చోట తాటాకు కప్పే అన్నిటికన్నా చల్లన. ఉత్తరాంధ్ర పల్లెల్లో తాటాకిళ్లు ఊరికే కట్టుకోలేదు. తాటాకుని రెండు మూడేళ్లకోసారి మార్చాలి, ఎలుకలు చేరకుండా కింద జాలీ బిగించాలి. చూరు నలువైపులా అడుగున్నర బయటికి ఉండాలి, విశాఖ వాన నిలువుగా పడదు, గాలితో కలిసి పక్కనుంచి జల్లు కొడుతుంది.

గోడల్లో పడమటిది, అలాగే వానజల్లు ఎక్కువ కొట్టేది మూసి ఉండాలి. మిగతా రెండు వైపులా జాలీయే. లోపల దాక్కోవడానికి ఒక చెక్క పెట్టె ఉంటే చాలు, దానికి రెండు ద్వారాలుండాలి, పైభాగం తీసేందుకు వీలుండాలి. ఇది అలంకారం కాదు. దీపావళి టపాసులకీ, నేవీ డే విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్ మీదుగా దూసుకుపోయే యుద్ధవిమానాల మోతకీ కుందేలు బెదిరి ఎగిరిపడుతుంది. దాని ఎముకలు చాలా తేలిక, వెనక కాళ్ల కండ మాత్రం బలంగా ఉంటుంది. భయంతో విదిలించుకుంటే సొంత వెన్నెముకే విరిగే ప్రమాదం ఉంది. దూరడానికి చీకటి మూల ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

రెండంతస్తుల గూళ్లు నాకు నచ్చవు. వేడిగాలి పైకే చేరుతుంది, కుందేలు పడుకునే గది సరిగ్గా అక్కడే ఉంటుంది. రెండు అంతస్తుల నేలనీ కలిపి విశాలమైనదని చెప్పి అమ్ముతారు గానీ, కుందేలు మెట్లెక్కి సంతోషించే జంతువు కాదు. దానికి కావాల్సింది ఒకే నేల మీద వరసగా మూడు గెంతులు వేసే పొడవు, చెవులు కప్పుకి తగలకుండా వెనక కాళ్ల మీద నిలబడే ఎత్తు. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ ఒక జంటకి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తున్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. అంటే సుమారు పది అడుగులు ఇంటూ ఆరున్నర. ఇది ఒక్క పెట్టె కొలత కాదు, గూడూ దానికి ఆనుకున్న జాలీ ఆవరణా కలిపి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గూడు చేయించి, దాని తలుపు ఆవరణలోకి ఎప్పుడూ తెరిచే ఉండేలా పెడితే ఆ లెక్క కుదురుతుంది. కోళ్ల బోను లాంటి రెండడుగుల పంజరంలో కుందేలుని బతుకంతా ఉంచడం క్రూరత్వం. చట్టం కూడా ఆ మాటే అంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, జంతువు కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో ఉంచడం నేరం.

పంజరాల్లో ఇంకో దోషం నేల. తీగల నేల పెంట కిందికి రాలిపోవడానికి మాంసం ఫారాల్లో వాడతారు, శుభ్రం చేసే పని తగ్గుతుంది. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదానికి మెత్తటి దిండు ఉండదు, బొచ్చు మాత్రమే ఉంటుంది. తీగల మీద నెలల తరబడి నిలబడితే బొచ్చు అరిగి, మడమల దగ్గర పుండ్లు పడతాయి. న్యూజిలాండ్ వైట్ లాంటి నాలుగైదు కిలోల జాతుల్లో ఇది మరీ ఎక్కువ. నేల గట్టి చెక్కతో ఉండాలి, వెనక్కి కొంచెం వాలు, పైన ఎండుగడ్డి లేదా రంగు వేయని ఈతచాప. ఉచ్చ పోయడానికి కుందేలు తనే ఒక మూల ఎంచుకుంటుంది. ఆ మూలలో తీసి కడుక్కునే ట్రే పెడితే సగం పని తప్పుతుంది. ట్రేలో పేరుకునే తెల్లపొర కాల్షియం, వెనిగర్‌తో రుద్దితే పోతుంది. ఈ ట్రేని రోజూ కడగాలి. ఉక్కలో ఉచ్చలోంచి వచ్చే అమోనియా ఘాటు ముక్కు లోపలి పొరని దెబ్బతీస్తుంది, ఆ దారిన తుమ్ములూ ఊపిరితిత్తుల జబ్బులూ మొదలవుతాయి. గూట్లోకి తల పెట్టినప్పుడు మనకి వాసన తగిలిందంటే కుందేలుకి అప్పటికే ఎక్కువైనట్టు.

వానాకాలంలో దీనికి తోడు ఈగలు. తడిసి మురికైన తోక కింద ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు చర్మంలోకి తొలుస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా రోజూ వెనక భాగం తిప్పి చూడాల్సిందే.

జాలీ, కలప, ఉప్పుగాలి

అరిలోవ, ఎండాడ, మధురవాడ వైపు, అంటే కంబాలకొండ అంచున ఉన్న కాలనీల్లో, పాము ఇంటి చుట్టుపక్కలకి రావడం వింత కాదు. సింహాచలం కొండ వారనా అంతే. ఊరి నడుమ పాముల బెడద తగ్గినా పిల్లులు, వీధికుక్కలు, పందికొక్కులు, ముంగిసలు ఎటూ ఉన్నాయి. షాపులో ముందుగా చూపించేది ఆరుకోణాల కోళ్ల జాలీ. అది కోడిని లోపల ఉంచడానికే పనికొస్తుంది. కుక్క పంజాతో లాగితే చిరుగుతుంది, కుందేలు పళ్లకీ తెగుతుంది. అర అంగుళం గళ్ల వెల్డ్ మెష్ అడగండి, తీగ మందంగా ఉండాలి. ఒక అంగుళం గళ్లలోంచి చిన్న పాములు దూరతాయి, పిల్లి పంజా పెట్టి గీరుతుంది.

జాలీని చట్రానికి ఏ వైపు కొట్టాలన్నది వడ్రంగి అడగడు, మనమే చెప్పాలి. లోపలి వైపు కొడితే చెక్క అంచులు కుందేలు పళ్లకి అందవు గానీ, కుక్క బయటినుంచి తోసినప్పుడు మేకులు ఊడిపోతాయి. బయటి వైపు కొడితే తోసినకొద్దీ జాలీ చట్రానికే అదుముకుంటుంది. బయటి వైపే పెట్టి, పైన చెక్క బద్ద వేసి స్క్రూలు బిగించమనండి. లోపలి చెక్క అంచులకి అల్యూమినియం ఎల్ యాంగిల్ తొడిగిస్తే కొరకడం తప్పుతుంది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అది కొరకకుండా ఉండలేదు. అందుకే లోపలి వైపు రంగు, వార్నిష్ వద్దు, జిగురు పొరల ప్లైవుడ్ వద్దు. ప్లాస్టిక్ పూత ఉన్న జాలీ తుప్పు పట్టదని కొంటారు, కుందేలు ఆ పూతని ఒలిచి మింగుతుంది.

తుప్పు భయం మాత్రం నిజమైనదే. బీచ్‌కి దగ్గర ఇళ్లలో ఇనుప గేట్ల పరిస్థితి అందరూ చూస్తున్నదే. జింకు పూత జాలీ కూడా అతుకుల దగ్గరా కత్తిరించిన కొసల దగ్గరా ముందు తుప్పు పడుతుంది. పైకి బాగానే కనిపించే జాలీ బద్ద కింద పొడిపొడిగా ఉండొచ్చు. వానాకాలం ముందూ తర్వాతా చేత్తో గట్టిగా నొక్కి చూడండి. స్టీలు జాలీకి ఖర్చు ఎక్కువ, సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో మాత్రం ఆ ఖర్చు దండగ కాదు. చట్రానికి టేకు మంచిది, పాత తలుపుల టేకు దొరికితే ఇంకా మంచిది, అది ఇక వంకర పోదు. పాత రంగు మాత్రం పూర్తిగా గీకించాలి, వెనకటి రంగుల్లో సీసం ఉండేది. సరుగుడు కర్రలు చవక, కాళ్లకి వాడొచ్చు, అయితే మట్టిలో పాతితే చెద పడుతుంది. ఇటుక మీదో రాయి మీదో నిలబెట్టండి. ఇనుప యాంగిల్ చట్రం కావాలంటే ఆటోనగర్ వెల్డింగ్ షాపుల్లో కొలత చెప్పి చేయించుకోవచ్చు, కొలతా మనదే, జాలీ కూడా మనం చెప్పిందే.

కాళ్లు కనీసం రెండడుగులు. గెడ్డల పక్క కాలనీల్లో వాననీరు నిలిచే ఎత్తు మీకే తెలుసు, దానికి ఇంకో అడుగు కలుపుకోండి. చీమలు ఎక్కకుండా వెనకటివాళ్లు భోషాణాల కాళ్ల కింద పెట్టినట్టు నీళ్ల గిన్నెలు పెట్టొచ్చు. ఆ నీళ్లని మూడు నాలుగు రోజులకోసారి పారబోసి గిన్నె తోమాలి, లేదంటే డెంగీ దోమని మనమే పెంచినట్టవుతుంది. నేల మీది ఆవరణకి జాలీని గోడ కిందనుంచి బయటికి అడుగున్నర మేర పరిచి మట్టి కప్పాలి. లోపలినుంచి కుందేలు, బయటినుంచి పందికొక్కు, రెండూ తవ్వేవే. తలుపుకి తిప్పే చెక్క బిళ్ల సరిపోదు, గడియతోపాటు చిన్న తాళం ఉండాలి. దాణాని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచండి, రాలిన గింజకి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది.

ఎవరిని పెంచుతున్నారన్నదీ గూటి లెక్కలోకే వస్తుంది. కుందేలు ఒంటరిగా ఉండలేదు, ఇద్దరికి సరిపడా గూడే కట్టాలి. ఆడ, మగ కలిపి తెచ్చుకుంటే 31 రోజులకి పిల్లలు పుడతాయి, ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు, ఎంత పెద్ద గూడైనా చాలదు. కుందేళ్లు తెలిసిన పశువైద్యుణ్ణి ముందే వెతుక్కుని మగదానికి ఆపరేషన్ చేయించండి. అంగోరా లాంటి పొడుగుబొచ్చు జాతులు ఈ ఊరికి తగవు. కొండల్లో దొరికిన అడవి కుందేలుని తెచ్చి గూట్లో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పైగా అది బోనులో బతకదు.

ఇంతా చేసినా ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా కుందేళ్లని ఇంట్లోకి తెచ్చి, ఫ్యాను తిరిగే గదిలో నేల మీద ఉంచమంటాను. ఎంత మంచి గూడైనా గాలిలోని తేమని తీసేయలేదు. చెవులు ఎర్రబడి వేడిగా తగిలినా, ముక్కు చుట్టూ తడిసినా, తల ఎత్తి రొప్పినా వెంటనే నీడకి తెచ్చి, మామూలు నీళ్లతో చెవులు తడిపి, ఫ్యాను పెట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఐసు నీళ్లలో ముంచకూడదు, ఆ దెబ్బకే చనిపోవచ్చు.

తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను ఈ ఊరి మీదుగానే దాటింది. ముందు ఒకవైపు నుంచి కొట్టిన గాలి, కన్ను దాటాక రెండోవైపు నుంచి కొట్టింది. ఏ దిక్కుకి చూసుకుని మూసిన గోడైనా అలాంటప్పుడు కాపాడదు, నీడనిచ్చిన చెట్టే గూటి మీద పడొచ్చు. హెచ్చరిక రాగానే కుందేళ్లని లోపలికి తెచ్చేయాలి, ఖాళీ గూటిని తాళ్లతో నేలకి బిగించాలి. దానికోసం రెండు కుందేళ్లు పట్టే మోసుకెళ్లే పెట్టె, వారానికి సరిపడా ఎండుగడ్డి అక్టోబరుకి ముందే ఇంట్లో సిద్ధంగా ఉండాలి. హుద్‌హుద్ తర్వాత కరెంటు రావడానికి రోజులు పట్టింది, గడ్డి కోసం బయటికి వెళ్లడానికి రోడ్లూ లేవు.